రంగస్థలం మీదికి రాని రోగి

విషం గురించి రాసిన రచనల్లో విషం తాగినవాడు ఎందుకు కనిపించడు? ఈ ప్రశ్నతో సాహిత్య విమర్శకు పని లేదనేవాళ్లు వుండవచ్చు. అది వైద్యుల పని, ఇంజనీర్ల పని, కోర్టుల పని అని వాళ్లంటారు. కాని ఒక సమాజం ఎవరి బాధను చూస్తుంది, ఎవరి బాధను చూడదు అనే విషయం ఆ సమాజం రాసుకునే కథల్లోనూ, నాటకాల్లోనూ, నివేదికల్లోనూ ఒకేలాగ తేలుతుంది. కథకూ నివేదికకూ భాషలో ఎంత దూరం వున్నా చూపులో అంత దూరం వుండదు. అంచేత సముద్రంలో చమురు ఒలికినప్పుడు తీరంలో బతికే మనుషుల ఒంటికి ఏమవుతుందనే విషయాన్ని విమర్శ పత్రికలో చర్చించడం అపచారమని నేననుకోను. చర్చించకపోవడమే లోపమనుకుంటాను.

నీటి కాలుష్యాన్ని వస్తువుగా తీసుకున్న రచనల్లో అన్నిటికంటె పేరు పొందినది ఇబ్సెన్ నాటకం ‘ప్రజాశత్రువు’. అది 1882లో వచ్చింది. కథ చాలామందికి తెలిసిందే. నార్వేలో ఒక చిన్న పట్నం. ఆరోగ్యం కోసం ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి స్నానాలు చేసే స్నానశాలల మీద ఆ పట్నం బాగుపడుతోంది. స్నానశాలల వైద్యుడు డాక్టర్ స్టాక్‌మన్ ఆ నీటిని విశ్వవిద్యాలయానికి పంపి పరీక్ష చేయిస్తాడు. ఎగువనున్న తోళ్ల కార్ఖానాల మురుగు అందులో కలుస్తోందని తేలుతుంది. గొట్టాలు మార్చాలంటే డబ్బు కావాలి. రెండేళ్లపాటు స్నానశాలలు మూసెయ్యాలి. మేయరైన అతని అన్నగారు ఒప్పుకోడు. మొదట డాక్టరు వెన్నుతట్టిన పత్రికవాళ్లు, ఖర్చు పట్నం నెత్తిన పడుతుందనగానే వెనక్కి తగ్గుతారు. ఇళ్ల యజమానుల సంఘం అటు తిరుగుతుంది. నిజం చెప్పిన డాక్టరే ప్రజాశత్రువని సభ తీర్మానిస్తుంది.

ఇబ్సెన్ గొప్పతనం ఎక్కడుందంటే, మురుగును ఆయన మురుగుగా మాత్రమే చూడలేదు. దాని వెనక వాటాలు వున్నాయి, పన్ను వుంది, పత్రిక అమ్మకం వుంది, ఇంటి అద్దెలు వున్నాయి. నీటిని పాడుచేసిన కార్ఖానాల్లో ఒకటి డాక్టరు పిల్లనిచ్చిన మామదే. పడిపోయిన స్నానశాలల వాటాలను ఆ మామ కూతురి ఆస్తి డబ్బుతో కొనేసి, ఇప్పుడు నీరు చెడ్డదని ఎలా అంటావో చూస్తానని అల్లుణ్ణి నిలదీస్తాడు. సత్యాన్ని నోరు మూయించడానికి లాఠీ అక్కర్లేదనీ, పెట్టుబడి చాలుననీ 140 ఏళ్ల కిందట ఇంత స్పష్టంగా చూపిన నాటకం మరొకటి లేదనుకుంటాను.

అయినా అయిదంకాల ఆ నాటకంలో ఒక మనిషి రంగస్థలం మీదికి రాడు. ఆ నీళ్లు తాగి, ఆ నీళ్లలో మునిగి జబ్బుపడిన రోగి. అతని గురించి మాట్లాడతారు. అతని పేర వాదించుకుంటారు. డాక్టరూ మేయరూ అన్నదమ్ములు గనక వాళ్లిద్దరి పోట్లాట మహా రసవత్తరంగా వుంటుంది. కాని ఎవరి కడుపులో ఆ క్రిములు చేరాయో ఆ మనిషి దగ్గు మనకు వినిపించదు.

ఇది చిన్న లోపమని కొట్టెయ్యడానికి వీల్లేదు. నాటకం ముగింపునకూ ఈ లోపానికీ సంబంధం వుంది. చివరకు డాక్టరు ఒంటరితనాన్నే బలంగా ఎంచుకునే స్థితికి వస్తాడు. మెజారిటీ అంటే మూర్ఖుల మంద అనుకుంటాడు. మన అభ్యుదయ విమర్శ ఈ ముగింపును వ్యక్తివాదమని అంటుంది, అనడం న్యాయమే. కాని ఆ వ్యక్తివాదం ఎక్కడినుంచి వచ్చింది? డాక్టరు స్వభావం నుంచి మాత్రమే రాలేదు. నష్టపోయినవాళ్లు రంగస్థలం మీద లేరు గనక, అతని పక్షాన నిలబడడానికి ఎవరూ మిగలలేదు. స్నానాలకు వచ్చి జబ్బుపడినవాళ్లు పరాయి ఊళ్లవాళ్లు. సభలో చెయ్యెత్తినవాళ్లు ఊళ్లో ఇళ్లున్నవాళ్లు. రోగులు సభలో వుంటే తీర్మానం మరోలా వుండేది. అప్పుడు డాక్టరుకు ఒంటరితనాన్ని సిద్ధాంతం చేసుకునే అవసరమూ కలిగేది కాదు.

సత్యజిత్ రాయ్ 1989లో దీన్ని ‘గణశత్రు’ అనే సినిమాగా తీశాడు. స్నానశాల స్థానంలో గుడి వచ్చింది, స్నానం స్థానంలో తీర్థం వచ్చింది, జబ్బు కామెర్లు. రాయ్ చేసిన మార్పుల్లో అతి ముఖ్యమైనది ముగింపు. ఆయన డాక్టరును ఒంటరిగా వదలలేదు. యువకులు అతనికి మద్దతుగా కదులుతారు. ఇది ఇబ్సెన్‌కు రాయ్ చెప్పిన జవాబు. మెచ్చుకోవలసిన జవాబే. కాని అక్కడ కూడా కామెర్లవాడు ఎక్కువగా సంభాషణల్లోనే వున్నాడు. జబ్బు ఒక అంకెగా వినిపిస్తుంది గాని ఒక మంచంగా కనిపించదు.

ఇక మన కాలపు నాటకానికి వద్దాం.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా పల్నాటి రైతుకు ఆ తుపాను బాగా గుర్తు. మిరపా, పత్తీ నీళ్లలో మునిగాయి. అదే తుపాను వానలకు మద్రాసు ఉత్తర శివారున మనలి మునిగింది. అక్కడి చమురు శుద్ధి కర్మాగారంనుంచి నూనె వరదనీటితో కలిసి బకింగ్‌హామ్ కాలవలోకి దిగి, కొసస్థలైయార్ ముఖద్వారం గుండా ఎన్నూరు కయ్యలోకీ, అక్కణ్ణుంచి సముద్రంలోకీ చేరింది. సముద్రం మీద ఇరవై చదరపు కిలోమీటర్ల మేర నూనె తెట్టు వున్నట్టు తీరరక్షక దళం చెప్పింది. కాట్టుకుప్పం మొదలైన జాలరి పల్లెల్లో ఇళ్ల గోడల మీద వరద ఎంత ఎత్తు వచ్చిందో నూనె గీత గీసి చెప్పింది.

ఈ బకింగ్‌హామ్ కాలవ మనకు పరాయిది కాదు. మన పెదగంజాం దగ్గరినుంచి మద్రాసు దాటి పోయే ఉప్పుకాలవ అది. 1876–78 నాటి కరువులో, మన పెద్దలు ధాత కరువని చెప్పుకునే ఆ కరువులో, ఆకలితో వచ్చిన జనం చేత కూలిగంజి పోసి కొంత భాగం తవ్వించి, దానికి గవర్నరు పేరు పెట్టారు. కరువుకూలి తవ్విన కాలవలో ఇవాళ కర్మాగారం నూనె పారి జాలరి ఇంట్లోకి వెళ్లింది. చరిత్ర ఇలాంటి పోలికలు చూపినప్పుడు రచయిత అలంకారాలు వెతుక్కోనక్కర్లేదు.

తుపాను వల్ల జరిగిందన్నారు. ఈ మాటను కాస్త పట్టి చూడాలి. తుపానుకు నూనె లేదు. వాననీళ్లు కర్మాగారం ఆవరణలోంచి బయటికి పోయేటప్పుడు నూనెను ఆపే ఏర్పాటు చాలినంత లేదని తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలే చెప్పింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంత తాను కేసు చేపట్టింది. ‘ప్రకృతి వైపరీత్యం’ అనే మాటకు మన పాలనా భాషలో ఒక పని వుంది. వాక్యంలో కర్తను తీసివెయ్యడం. ‘నూనె ఒలికింది’ అంటాం; ఎవరు ఒలకబోశారని వ్యాకరణం కూడా అడగదు.

ఆ తర్వాత నూనెను ఎత్తిపోసింది ఎవరు? జాలర్లే. పడవలేసుకుని, చెంబులతో, బకెట్లతో, చాలామంది మొదటి రోజుల్లో చేతులకు తొడుగులైనా లేకుండా ఎత్తిపోశారు. దీనికి ఆరేళ్ల ముందు, 2017 జనవరి 28న అదే ఎన్నూరు రేవు దగ్గర రెండు ఓడలు గుద్దుకుని నూనె కారింది. పర్యావరణానికేమీ నష్టం లేదని మొదట ప్రకటించి, నల్లటి ముద్దలు ఒడ్డుకు కొట్టుకొచ్చాక బకెట్లు పంచారు. ఆరేళ్లలో దేశం ఎంతో ముందుకు పోయిందని చెప్పుకున్నాం. బకెట్ మాత్రం అక్కడే వుంది.

ముడిచమురు ఒంటికి చేసే హాని ఏమిటో మన పాఠకుడికి విడమరిచి చెప్పాలి. ముడిచమురు ఒక పదార్థం కాదు. వందలాది పదార్థాల కలయిక. వాటిలో తేలికైనవి, బెంజీన్, టోలుయీన్, జైలీన్ వంటివి, మొదటి గంటల్లోనే, మొదటి రోజుల్లోనే ఆవిరై గాలిలో కలుస్తాయి. అంటే జనం ఉత్త చేతులతో నూనె ఎత్తే రోజులే ఊపిరికి ఎక్కువ ప్రమాదమైన రోజులు. కళ్లు మండుతాయి, తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, గొంతు గరగరలాడి దగ్గు పడుతుంది. బెంజీన్ దీర్ఘకాలం ఒంట్లోకి పోతే రక్తపు క్యాన్సర్‌కు కారణమవుతుందని వైద్యశాస్త్రం రుజువు చేసింది. బరువైనవి నీటి మీదా, బురదలోనూ, వలల మీదా, పడవ చెక్కల మీదా మిగిలిపోతాయి. అవి చర్మానికి తగిలితే దురదలు, పొక్కులు. చేప వాటిని కొంతవరకు తన కాలేయంలో మార్చుకుని బయటికి పంపెయ్యగలదు. ఆల్చిప్పకూ గవ్వజాతికీ ఆ శక్తి తక్కువ. అంచేత ఒడ్డున పేదవాడు ఏరుకుని తినేదాంట్లోనే విషం ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎన్నూరు కయ్యలో నడుములోతు నీళ్లలో నిలబడి చేతులతో రొయ్యలు పట్టే ఆడవాళ్లున్నారు. వాళ్లకు పడవ లేదు, వల లేదు, పనిముట్టు శరీరమే. నూనె ఆ పనిముట్టుకే అంటుకుంది.

ఇంకొక జబ్బుంది. దాన్ని వైద్యశిబిరంలో స్టెతస్కోపు పెట్టి వినలేరు. పని లేదు, తమ చేపను కొనేవాడు లేడు, అప్పిచ్చినవాడు గడపలో వున్నాడు. పెద్ద చమురు ప్రమాదాలు జరిగిన ప్రతి చోటా దిగులూ, నిద్రలేమీ, మనోవ్యాధీ పెరిగాయని పరిశోధకులు గమనించారు. ఊపిరితిత్తులకు పట్టిన నూనె కొన్నాళ్లకు పోవచ్చు. అప్పుల పుస్తకానికి పట్టిన నూనె అంత తేలిగ్గా పోదు.

తమిళనాడు ప్రభుత్వం ఎన్నూరు బాధితులకు సహాయం ప్రకటించింది. 2,301 మత్స్యకార కుటుంబాలకు తలా 12,500 రూపాయలు, 787 పడవల మరమ్మతుకు పడవకు 10,000, మరో 6,700 కుటుంబాలకు 7,500. మొత్తం సుమారు 8 కోట్ల 68 లక్షలు. సహాయం వద్దని ఎవరూ అనరు. కాని ఈ పట్టికను సాహిత్య విమర్శకుడిలా చదవండి. ఇందులో కుటుంబం పాత్ర, పడవ పాత్ర. పడవకు జరిగిన నష్టానికి విడిగా ఒక గడి వుంది. ఊపిరితిత్తికి గడి లేదు. ఇబ్సెన్ నాటకంలో లాగే ఇక్కడా రోగి తెర వెనకనే వున్నాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది; మా కాలేజీలో ఒక తెలివైన విద్యార్థే తెచ్చాడు. కళ్లమంటా తలనొప్పీ నాలుగు రోజుల్లో తగ్గేవే గదా, దీర్ఘకాలం హాని జరుగుతుందనడానికి రుజువు ఏదీ అని. ఇది తేలికగా తోసెయ్యవలసిన ప్రశ్న కాదు. చమురు ఒలికిన ఊళ్లో వచ్చే ప్రతి దగ్గూ చమురు వల్లనే అని రాసే రచయిత తన పక్షానికి మేలు చెయ్యడు. అతిశయోక్తిని కంపెనీ వకీలు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తాడు. దాంతోపాటు నిజాన్ని కూడా కొట్టేస్తాడు. అంచేత తెలిసిందేమిటో అంతే చెబుదాం.

2002 నవంబరులో ‘ప్రెస్టీజ్’ అనే ఓడ స్పెయిన్ వాయవ్య తీరం దగ్గర విరిగి మునిగింది. నూనె ఎత్తే పనికి దిగిన జాలర్లను పరిశోధకులు తరవాత వెతికి పట్టుకుని ప్రశ్నించారు. 6,780 మంది జవాబిచ్చారు. ఆ పనిలో పాల్గొన్నవాళ్లలో, పాల్గొననివాళ్లకంటె, ఊపిరి సంబంధమైన బాధలు ఏడాది దాటాక కూడా ఎక్కువగా వున్నాయి. ఎక్కువ రోజులు పనిచేసినవాళ్లలో మరీ ఎక్కువ. 2007 డిసెంబరు 7న దక్షిణ కొరియా తీరంలో ‘హెబే స్పిరిట్’ ఓడనుంచి పదివేల టన్నులకు పైగా ముడిచమురు ఒలికింది. పది లక్షల మందికి పైగా స్వచ్ఛందంగా వచ్చి రాళ్లు తుడిచారు. ఆ ఊళ్ల జనం ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించడానికి అక్కడ ఒక కేంద్రమే పెట్టారు. 2010 ఏప్రిల్ 20న అమెరికా దక్షిణ సముద్రంలో బావి పేలినప్పుడు ఆ శుభ్రత పనిలో వున్న సుమారు 33 వేల మందిని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పరిశోధనలో చేర్చుకుంది.

అంటే రుజువు ఆకాశంనుంచి ఊడిపడదు. లెక్కపెట్టినచోట దొరుకుతుంది. 2010లో వెలువడిన ఒక శాస్త్రీయ సమీక్ష ప్రకారం, గడిచిన దశాబ్దాల్లో జరిగిన 38 పెద్ద చమురు ఓడల ప్రమాదాల్లో మనుషుల ఆరోగ్యం మీద ప్రభావాన్ని పరిశోధించినవి ఏడు. మిగతా 31 చోట్ల ఎవరూ జబ్బుపడలేదా? పడివుంటారు. రాసుకున్నవాళ్లు లేరు. 1989లో అలాస్కాలో నూనె ఒలికినప్పుడు నల్లబడ్డ పక్షుల బొమ్మలు ప్రపంచమంతా చూసింది. ఆ పక్షుల మీద నాకు కోపం లేదు. పక్షి ఫొటోలో పడుతుంది. చేప బజారులెక్కలో పడుతుంది. మనిషి ఊపిరితిత్తి ఏ లెక్కలోనూ పడకపోతే అది ప్రకృతి చేసిన పక్షపాతం కాదు. లెక్క లేని చోట ‘రుజువు లేదు’ అనడం, సాక్షిని పిలవకుండానే సాక్ష్యం లేదని తీర్పు చెప్పడమే.

మన గడ్డమీద కూడా ఉదాహరణలు లేకపోలేదు. 1995 జనవరి 8న కోనసీమలో పాసర్లపూడి బావి పేలి 65 రోజులు మండింది. మంటను ఆర్పడానికి విదేశాలనుంచి నిపుణులు వచ్చిన కథ అందరికీ తెలుసు. ఆర్పినవాళ్ల సాహసం గురించి చాలా రాశారు. ఆ 65 రోజులు ఆ వేడికీ ఆ పొగకీ దగ్గరగా బతికిన పిల్లల గురించి, ముసలివాళ్ల గురించి, గర్భిణుల గురించి మన సాహిత్యం రాసినది ఎంత? 2014 జూన్ 27న నగరంలో గ్యాసు గొట్టం పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. చావు వార్త అయింది. కాలిన ఒంటితో బతికినవాళ్ల తరవాతి జీవితం కథ కాలేదు. చావుకు ముగింపు వుంది గనక కథకుడికి అనుకూలంగా వుంటుంది; జబ్బుకు ముగింపు లేదు.

సముద్రతీరం మీద భారతీయ సాహిత్యంలో ప్రసిద్ధమైన నవల తకళి శివశంకర పిళ్లె రాసిన ‘చెమ్మీన్’, 1956లో వచ్చింది. తకళి ప్రగతిశీల రచయిత. జాలరి జీవితాన్ని అతను ప్రేమతో రాశాడు. కాని ఆ కథ ఆధారపడ్డ నమ్మకం ఏమిటి? జాలరి సముద్రం మీద వున్నప్పుడు ఒడ్డున భార్య శీలం తప్పకుండా వుంటేనే సముద్రపుతల్లి అతన్ని కాపాడుతుందని. ఆ నమ్మకాన్ని రచయిత విమర్శించాడా, కథ చివర దాన్నే నిజం చేసి చూపాడా అని వాదం వుంది. నా మాట ఏమిటంటే, ఆ నమ్మకంలో సముద్రం కోపానికి కారణం ఒక పేద ఆడది. ఇవాళ్టి ప్రకటనల్లో కారణం తుపాను. నమ్మకం మారింది, దాని పని మారలేదు. రెండూ అసలు కర్తను దాస్తాయి. ఒకటి పాత పురాణం, మరొకటి కొత్త పురాణం.

మన అభ్యుదయ కవిత్వాన్ని కూడా వదలకూడదు. మన పద్యాల్లో సముద్రం ఎంత వుందో! కెరటం అంటే ప్రజాశక్తి, పోటు అంటే తిరుగుబాటు, నురుగు అంటే మార్పు. సముద్రాన్ని మనం ఎన్నడూ సముద్రంగా చూడలేదు. ఎప్పుడూ మరొకదానికి ఉపమానంగానే చూశాం. ఒడ్డున వున్నవాడు ఆ ఉపమానంలో మునిగిపోయాడు. విషం అనే మాట కూడా అంతే. దోపిడీ విషం, మతవిషం అని లక్షసార్లు రాశాం. లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాములు విషమవుతుందో రాసిన కవిత నా కంటపడలేదు. కవిత్వంలో మిల్లీగ్రాములేమిటని నవ్వేవాళ్లు, గుర్రం జాషువా ‘గబ్బిలం’లో ఏం చేశాడో గుర్తు చేసుకోవాలి. మా వినుకొండ కవి సందేశ కావ్యపు రాజమార్గాన్ని తీసుకుని, అందులో విరహానికి బదులు ఆకలినీ అంటరానితనాన్నీ నడిపించాడు. కావ్యంలోకి రాకూడదనుకున్న మనిషిని కావ్యంలోకి తెచ్చాడు. ఇవాళ అదే పని జబ్బుపడిన దేహం విషయంలో జరగాలి.

జరగవచ్చుననడానికి ఒక రచయిత జీవితమే సాక్ష్యం. నైజీరియాలో ఒగోని ప్రజల కెన్ సారో-వీవా నవలలు రాశాడు, టెలివిజన్ కోసం జనాన్ని కడుపుబ్బ నవ్వించిన నాటికలు రాశాడు. తన జనం నివసించే నదీముఖభూమిలో దశాబ్దాలుగా కారుతున్న చమురునూ, ఇళ్ల పక్కనే రాత్రింబగళ్లు మండే గ్యాసు మంటలనూ వదిలి హాస్యం రాసుకుంటూ కూర్చోలేదు. ఉద్యమం కట్టాడు. 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం అతన్నీ మరి ఎనిమిది మందినీ ఉరితీసింది. కోనసీమ బావి మండి ఆరిన సంవత్సరమే అది. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఒగోని భూమిని పరీక్షించి, ఒక ఊళ్లో జనం తాగే బావినీటిలో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుకు 900 రెట్లకు పైగా వుందని ప్రకటించింది. రచయిత చెప్పినది నిజమని అంకె వచ్చి చెప్పేటప్పటికి రచయిత చనిపోయి పదహారేళ్లు. ఇబ్సెన్ డాక్టరుకూ ఇతనికీ తేడా చూడండి. డాక్టరు జనం లేని నిజంతో మిగిలాడు. ఇతను జబ్బుపడ్డ జనంతో కలిసి నిలబడ్డాడు. అతన్ని చంపగలిగారు గాని ఒంటరిని చెయ్యలేకపోయారు.

నరసరావుపేటలో కూర్చుని సముద్రపు నూనె గురించి ఇంత రాయడమెందుకని మా పల్నాటి పాఠకుడు అడుగుతాడు. సముద్రం మనకు దూరమే. కాని తెర వెనక వున్న రోగి దూరంగా లేడు.

శ్రీనాథుడివని చెప్పుకునే పల్నాటి చాటువులు మన పిల్లలకు కూడా నోటికి వచ్చు. ఇక్కడి జొన్నకూడు గురించీ, నీళ్ల కరువు గురించీ ఆస్థానకవి విసుక్కున్నాడు. ఆ పద్యాలు చదివి మనమే నవ్వుకుంటాం. అతిథికి ఒక పూట దాహమైతే అది సాహిత్యమై అయిదారు వందల ఏళ్లు నిలిచింది. ఇక్కడే పుట్టి ఇక్కడి నీళ్లే తాగినవాడి దాహం మీద పద్యం ఏదీ?

నీళ్లు లేకపోవడం ఒకటి; వున్న నీళ్లు విషం కావడం మరొకటి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లాలో, మనకు పొరుగునేవున్న దర్శి, పొదిలి ప్రాంతంలో, ఫ్లోరోసిస్ వ్యాధిని మనుషుల్లో గుర్తించి వైద్యపత్రికలో ప్రకటించారు. అంతకు ముందే దాన్ని పసిగట్టింది రైతులు. ఎద్దులు కుంటుతున్నాయి, మోకాళ్లు పట్టేసి అరక లాగడం లేదు. ఎద్దు పని మానేస్తే నష్టం వెంటనే తెలుస్తుంది గనక ఎద్దు జబ్బు ముందు కనిపించింది. పడవకు గడి వుండి ఊపిరితిత్తికి లేకపోవడం అప్పటి నుంచీ వున్నదే.

తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు. దాటిన నీరు పసితనం నుంచీ తాగితే పళ్లు గారకడతాయి. అంతకంటె ఎక్కువైన నీరు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగుతుంది. తిండిలో సున్నం తక్కువైన పేదవాడికి మరీ త్వరగా. మా వినుకొండ, బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి వైపు ఊళ్లలో గారపళ్లవాళ్లను చూడనివారెవరు? రాతిలో వున్న గుణమది, ఎవరేం చేస్తారంటారు. రాతిని ఎవరూ తప్పుపట్టలేదు. 1955 డిసెంబరు 10న మాచర్ల పక్కనే నాగార్జునసాగరానికి పునాది వేశారు. 1967 ఆగస్టు 4న కాలవలకు నీరు వదిలారు. ఆ కుడికాలవ పల్నాటి గుండానే పోతుంది. అది ఎక్కని మెట్ట ఊళ్లకు వరికపూడిశెల ఎత్తిపోతల పథకం దశాబ్దాల తరబడి వాగ్దానంగానే వుండి, 2023 నవంబరు 15న మాచర్లలో మళ్లీ ఒక శంకుస్థాపన చూసింది. ఎన్నూరు జాలరికి తుపాను ఎలాగో పల్నాటి రైతుకు రాయి అలాగు. ఒకచోట విషం పోసినవాడు వున్నాడు, మరొకచోట మంచినీళ్లు పొయ్యనివాడు వున్నాడు. రెండుచోట్లా ‘ప్రకృతి’ అనే మాట ఒకే కొలువు చేస్తోంది. పిడుగురాళ్ల సున్నపుబట్టీల దగ్గర తెల్లటి దుమ్ములో పనిచేసే కూలి దగ్గుకు కూడా ఏదో ఒక పేరు వెతుకుతారు. బీడీ అనో, తాగుడనో.

మరి ఏం చెయ్యాలి? ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ నేను చెప్పదలచినది పెద్ద సిద్ధాంతం కాదు. రోగిని రంగస్థలం మీదికి తీసుకురావాలి. దానికి రెండు దారులున్నాయి, రెండూ కావాలి. ఒకటి లెక్క. ఏ ఊళ్లో, ఏ బావి నీళ్లు తాగినవాళ్లు, ఏ వయసువాళ్లు, ఎన్నాళ్లనుంచి, ఏ బాధ అని బడిపిల్లలచేత కూడా రాయించవచ్చు. స్పెయిన్ జాలర్ల విషయంలో మొదట జరిగింది ప్రశ్నలు అడగడమే. రెండోది కథ. అంకె నిజమని వొప్పించగలదు. ఆ నిజంతో ఒక ఉదయం ఎలా గడుస్తుందో చెప్పలేదు. వంగిన వెన్నుతో బిందె ఎలా ఎత్తుతారు? నూనె అంటిన చేతులతో పసిబిడ్డకు అన్నం ఎలా కలుపుతారు? దురద పుట్టిన చర్మంతో రాత్రి ఎలా తెల్లవారుతుంది? ఇవి రాయగలిగినవాడు కథకుడొక్కడే. లెక్క లేని కథను జాలి అంటారు. కథ లేని లెక్కను దస్త్రం అంటారు. జాలిని మరిచిపోతారు, దస్త్రాన్ని అటకెక్కిస్తారు.

ఇబ్సెన్ నాటకాన్ని మన కాలేజీల్లో ఇంకా ఆడతారు, ఆడాలి కూడా. అయితే ఈసారి ఆడేవాళ్లకు ఒక సూచన. నాలుగో అంకంలో ఊరిసభ జరిగేటప్పుడు వెనక వరసలో నలుగురు రోగుల్ని కూర్చోబెట్టండి. మాటలు అక్కర్లేదు, దగ్గితే చాలు. మేయరు ప్రతి వాక్యమూ ఆ దగ్గును దాటుకుని రావాలి. అప్పుడు ప్రజాశత్రువు ఎవరో ప్రేక్షకుడు తానే తేల్చుకుంటాడు.